స్కీ యాత్రలో ఆఖరి రోజు: కెబ్నెకైసె నుంచి బస్సు దాకా

మొన్న ఆదివారం పొద్దున గుంటూరు నుంచి నా పాత విద్యార్థులు ముగ్గురు సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చారు. వచ్చే ఏప్రిల్‌లో స్వీడన్ వెళ్లి, ఆ దేశపు ఉత్తర కొండల్లో అబిస్కో అనే ఊరి నుంచి నిక్కలుఓక్త అనే ఊరి దాకా స్కీల మీద వెళ్తారట. వారం రోజులు, సుమారు 105 కిలోమీటర్లు. ఆ దారిన నేను మూడుసార్లు వెళ్లాను, 2018లో, 2022లో, 2024లో. స్టాక్‌హోంలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడే నాకూ మావారికీ ఈ విద్య అలవాటు చేశాడు. పిల్లలు నోటు పుస్తకం నిండా ప్రశ్నలు రాసుకుని తెచ్చారు. చెక్త్యా కనుమ ఎక్కడం ఎలా, మంచు తుఫాను వస్తే ఏం చేయాలి, మంచు మీద పట్టు కోసం స్కీల అడుగున ఎంత చలికి ఏ వ్యాక్స్ (మైనం) రాయాలి అని రోజుకొక పేజీ. ఆఖరి రోజు పేజీలో మాత్రం ఒక్కటే వాక్యం ఉంది: "కెబ్నెకైసె నుంచి నిక్కలుఓక్త, 19 కి.మీ., బస్సు ఎక్కాలి."

ఆ వాక్యం చూసి నాకు భయం వేసింది. 2018లో మేము రాసుకున్న కాగితంలోనూ ఆ రోజుకు అంతే ఉంది. మూడు యాత్రల్లో మాకు ఎదురైన రెండు ప్రమాదాలూ ఆ 19 కిలోమీటర్లలోనే జరిగాయి. కనుమ మీద ఏమీ కాలేదు. తుఫానులో ఏమీ కాలేదు. ఆఖరి రోజు కాళ్లు మంచు మీద ఉంటాయి కానీ మనసు అప్పటికే బస్సెక్కి కూర్చుంటుంది. అందుకే ఆ పిల్లలకు చెప్పినదంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మీరు వెళ్లేది మరో దారి అయినా, చాలా రోజులు నడిచి చివరికి ఊరు చేరే ఏ మంచు యాత్రకైనా ఇందులో ఎక్కువ భాగం పనికి వస్తుంది.

దారి సంగతి

ఈ స్కీలు కొండ మీద నుంచి జారే ఆటలో వాడేవి కావు. సన్నగా, తేలికగా ఉంటాయి. బూటు ముందు భాగం మాత్రమే స్కీకి బిగిసి ఉంటుంది, మడమ పైకి లేస్తుంది. అందుకే వాటితో మైదానంలో నడవవచ్చు, చిన్న ఎత్తులు ఎక్కవచ్చు. అబిస్కో నుంచి దక్షిణంగా వెళ్లే దారిని కుంగ్స్‌లెదెన్ అంటారు, మన మాటల్లో రాచబాట. మొత్తం బాట హెమావాన్ దాకా సుమారు 440 కిలోమీటర్లు. మనలాంటివాళ్లు సింగి కేబిన్ల దగ్గర ఆ బాట వదిలి తూర్పుకు తిరిగి, కెబ్నెకైసె కొండ కింద యాత్రికులు దిగే కొండబస చేరి, అక్కడి నుంచి నిక్కలుఓక్త వెళ్తారు.

కొండబస సుమారు 690 మీటర్ల ఎత్తున ఉంటే, నిక్కలుఓక్త 470 మీటర్ల దగ్గర ఉంది. అంటే 19 కిలోమీటర్లలో దిగేది 220 మీటర్లే. కాగితం మీద ఇంతకంటే సులువైన రోజు ఉండదు. మొదట బర్చి చెట్ల మధ్య కొద్దిపాటి దిగుడు, తర్వాత గడ్డకట్టిన లాడ్యుయావ్రి సరస్సు, ఆ తర్వాత మళ్లీ అడవి. అక్కడి ఆదివాసులైన సామీల భాషలో యావ్రి అంటే సరస్సు, లుఓక్త అంటే నీటి ఒడ్డున లోపలికి తిరిగిన వంపు. ఈ రెండు మాటలు తెలిస్తే అక్కడి పటం సగం అర్థమవుతుంది. దారి పొడవునా కర్రలకు కొట్టిన ఎర్రని ఇంటూ గుర్తులు కనిపిస్తాయి. అవే చలికాలపు దారి గుర్తులు. వేసవి దారి వేరు. చలికాలంలో దాని వెంట పోతే నీటి ప్రవాహాల మీదికో, నిటారు వాలు కిందికో చేరుకుంటారు. ఎర్ర గుర్తులను వదలకండి.

ఆ దూరం ఎంతో పిల్లలకు మనసుకు పట్టేలా చెప్పడానికి ప్రకాశం బ్యారేజీ లెక్క చెప్పాను. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేనున్నర సార్లు నడిస్తే 19 కిలోమీటర్లు. వీపున పన్నెండు కిలోల బ్యాగుతో, ఆరు రోజులు నడిచిన కాళ్లతో నడవాలి. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు వేసుకోండి. ఆగే సమయం కలిపితే ఆరు గంటలు. "దిగుడే కదా మేడం, నాలుగు గంటలు చాలదా?" అని ముగ్గురిలో ఒకరు అడిగారు. చాలదు. నాలుగు గంటలని అనుకున్నవాళ్లు ఆలస్యంగా బయలుదేరుతారు, తొందరపడతారు, ఆగవలసిన చోట ఆగరు.

ముందు రోజు సాయంత్రం

ఆఖరి రోజు అసలు మొదలయ్యేది ముందు రోజు సాయంత్రమే. సాల్కా, సింగి వంటి కేబిన్లలో కరెంటు ఉండదు. నీళ్లు మనమే మోసుకు రావాలి, కట్టెలు మనమే కొట్టుకోవాలి. అలా ఐదు రాత్రులు గడిపాక కెబ్నెకైసె కొండబసకు వస్తాం. దీపాలు, వేడినీళ్ల స్నానం, బల్ల మీద వడ్డించిన భోజనం. తల తుడుచుకుని కూర్చోగానే యాత్ర అయిపోయిందనిపిస్తుంది. పక్క బల్లల దగ్గర అందరూ ఫోటోలు చూసుకుంటూ ఉంటారు. బయటకు వస్తే స్వీడన్‌లోకెల్లా ఎత్తైన కొండ వెనకే నిలబడి ఉంటుంది. ఒకప్పుడు దాని దక్షిణ శిఖరం ఎత్తుగా ఉండేది. దాని మీది హిమానీనదం కరుగుతూ వచ్చి, 2019 నాటికి ఉత్తర శిఖరం కంటే తక్కువైపోయింది. ఆ సంగతి చెప్పుకుంటూ కబుర్లలో పడతాం. నేను మాత్రం ఆ కబుర్లకు ముందే నాలుగు పనులు పూర్తి చేయమంటాను.

మొదటిది బస్సు. గోడ మీద అంటించిన ఆ వారం సమయాలను కళ్లారా చూసి, పెన్సిల్‌తో చేతి పటం మీద రాసుకోండి. ఇంటి దగ్గర నెల క్రితం ఫోనులో చూసిన సమయాన్ని నమ్మవద్దు. నిక్కలుఓక్త నుంచి విమానాశ్రయం ఉన్న కిరూనా పట్టణానికి సుమారు 70 కిలోమీటర్లు, బస్సులు రోజుకు కొన్నే. బస్సు సమయంలోంచి ఆరు గంటలు నడకకు, మరో రెండు గంటలు అనుకోని ఆలస్యానికి తీసేయండి. మిగిలిందే మీరు బయలుదేరే సమయం. ఆ రోజే కిరూనా నుంచి విమానం ఎక్కాలని ఎవరూ టికెట్టు తీసుకోకండి. విమానం తలలో ఉంటే, గాలి పెరిగిందని తెలిసి కూడా బయలుదేరతారు.

రెండోది బ్యాగు సర్దడం. ఇక్కడే మొదటిసారి నేను తప్పు చేశాను. రేపు ఊరికి వెళ్తాం కదా అని ఉతికిన చొక్కా, డబ్బుల సంచి, ఫోను చార్జరు పైన పెట్టుకుని, గాలి ఆపే కోటు, దళసరి చేతితొడుగులు అడుగున పడేశాను. ఆఖరి రోజు బ్యాగు మూడో రోజు బ్యాగు ఎలా ఉందో అలాగే ఉండాలి. గాలికోటు, అదనపు చేతితొడుగులు, టోపీ, గాలి తగలకుండా మనుషులందరూ దూరి కూర్చునే గాలిసంచి పై అరలో ఉండాలి. ఊరి బట్టలు అడుగున.

మూడోది తిండి. ఆఖరి రాత్రి మిగిలినదంతా వండుకు తినేయాలని, బరువు తగ్గించుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ఒక పూట వంటకు సరిపడా సరుకు, దానికి కావలసిన ఇంధనం నిక్కలుఓక్త తలుపు తీసేదాకా ఉండాల్సిందే. మేము ఇంటి నుంచి వేరుశనగ చిక్కీ, నువ్వుల ఉండలు, వేయించి పొడి చేసిన ఉప్మా రవ్వ, కారప్పొడి పట్టుకెళ్తాం. పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకువెళ్లకూడదు కనుక నెయ్యి వేసినవి, కోవా ఇంటి దగ్గరే వదిలేస్తాం. ఒక సంగతి గుర్తుంచుకోండి. సున్నా కింద పది డిగ్రీల చలిలో బెల్లం చిక్కీ రాయి అవుతుంది, కొరికితే పన్ను విరిగే ప్రమాదం ఉంది. చిక్కీని ఇంటి దగ్గరే గోరంత ముక్కలు చేసి, నడిచేటప్పుడు లోపలి చొక్కా జేబులో ఉంచుకోండి.

నాలుగోది బూట్లు. కొండబసలో బట్టలు ఆరబెట్టే గది ఉంటుంది. తోలు బూట్లను వేడి యంత్రానికి ఆనించి పెట్టవద్దు, తోలు బిగుసుకుని పొద్దున కాలు దూరదు. లోపలి అట్ట తీసి విడిగా ఆరబెట్టి, బూటు నాలుక బయటకు లాగి, గదిలో ఒక మూల పెట్టండి. మడమకు బొబ్బ ఉంటే ఆ రాత్రే పట్టీ వేసుకోండి. పొద్దున తొందరలో వేసిన పట్టీ మూడు కిలోమీటర్లకే ముడుచుకుపోతుంది.

పొద్దున్నే

ఏడు గంటలకల్లా స్కీల మీద నిలబడండి. ఏప్రిల్‌లో రాత్రి గడ్డకట్టిన మంచు మీద పెంకు గట్టిగా ఉంటుంది, స్కీ ఇట్టే సాగిపోతుంది. మధ్యాహ్నానికి ఎండ తగిలి పెంకు మెత్తబడితే అడుగడుక్కీ దిగబడటమే. పొద్దున రెండు గంటల్లో సాగే దూరానికి మధ్యాహ్నం మూడు గంటలు పట్టవచ్చు.

వ్యాక్స్ రాసే స్కీలైతే సూత్రం ఒక్కటే: చలి మంచుకు గట్టి వ్యాక్స్, తడి మంచుకు మెత్తని వ్యాక్స్. చలిలో మంచు రవ్వలు సూదుల్లా ఉంటాయి, మెత్తని వ్యాక్స్‌లోకి దిగి వదలవు, స్కీ కింద గడ్డ కడుతుంది. ఎండకు రవ్వల మొనలు కరిగి గుండ్రబడతాయి, అప్పుడు గట్టి వ్యాక్స్‌కు పట్టు దొరకదు. కాబట్టి పొద్దున నీలం రాసి, సరస్సు దాటాక ఒకసారి ఆగి చూసి, అవసరమైతే దాని మీద ఊదా రాయండి. మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పేది, అడుగున చేప పొలుసుల్లాంటి గీతలు ఉన్న స్కీలు అద్దెకు తీసుకోమని. వేగం కాస్త తగ్గుతుంది కానీ వ్యాక్స్ బాధ ఉండదు. నిక్కలుఓక్త వైపు వెళ్లే దారిని స్నోమొబైళ్లు, అంటే మంచు మీద నడిచే మోటారు బళ్లు, తొక్కి తొక్కి గట్టి చేస్తాయి. పొద్దున అందులో గాడులు గాజులా ఉంటాయి. గాడిలో పట్టు తప్పుతుంటే పక్కన మెత్తని అంచులోకి ఒక స్కీ వేసి నడవండి.

బయలుదేరేటప్పుడు ఒంటికి కొంచెం చలి అనిపించాలి. వెచ్చగా ఉందంటే ఎక్కువ బట్టలు వేసుకున్నట్టే. నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను, కాబట్టి ఇది లెక్కతో చెప్పకుండా ఉండలేను. ఒక గ్రాము చెమట ఒంటి మీద ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి పీల్చుకుంటుంది. విజయవాడ ఉక్కలో చెమట ఆరదు, అదే మన బాధ. అక్కడ చెమట బట్టకు పట్టి, మీరు ఆగిన క్షణం నుంచి ఆరడం మొదలుపెడుతుంది, ఒంటి వేడిని మూటగట్టి తీసుకుపోతుంది. ఆఖరి రోజు బస్సు కోసం పరుగు పెడతాం, చెమట పడుతుంది, గాలి వీచే సరస్సు ఒడ్డున ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతాం. మూడూ ఒకేసారి కలుస్తాయి. యాభై నిమిషాలు నడవండి, పది నిమిషాలు ఆగండి. ఆగిన వెంటనే, చలి తెలియకముందే కోటు వేసుకోండి. అల్లం, బెల్లం వేసి కాచిన వేడినీళ్లు మనిషికొక లీటరు ఫ్లాస్కులో ఉండాలి. ఈ రోజు అవసరం లేదులే అని ఫ్లాస్కు ఖాళీగా మోసుకు రావద్దు.

అందరిలోకీ నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. వెనుక ఉంటే వాళ్లు అందుకోవడానికి ఆగకుండా నడుస్తారు, నీళ్లు తాగరు. మిగిలిన రోజుల్లో ఈ నియమం అందరూ పాటిస్తారు. ఆఖరి రోజే వరుస తెగిపోతుంది.

సరస్సు మీద

2018లో మేము లాడ్యుయావ్రి మీదికి దిగేసరికి పది దాటింది. నేను, మావారు, తమ్ముడు, మరదలు. ఆకాశం నీలంగా మెరుస్తోంది. గాలి పడమటి నుంచి, అంటే మా వీపు వైపు నుంచి వీస్తోంది. వీపున గాలి తోస్తుంటే దాని బలం తెలియదు. స్కీలు వాటంతట అవే పోతున్నాయి, హాయిగా ఉంది అనుకున్నాం. సరస్సు మధ్యకు వచ్చాక, వెనక కొండలు ఎంత బాగున్నాయో ఇంట్లో అత్తయ్యకు చూపించాలని వెనక్కి తిరిగాను. కుడి చేతితొడుగు తీసి చంకలో పెట్టుకుని ఫోను పట్టుకున్నాను. గాలి ముఖానికి కొట్టింది. చంక సడలింది. చేతితొడుగు కింద పడి, మంచు మీద దొర్లుకుంటూ, నేను స్కీ తిప్పేలోగా చాలా దూరం పోయింది. దాని వెంట రెండు అడుగులు వేసి ఆగాను. ఎర్ర గుర్తుల నుంచి పక్కకు, వాగు వచ్చి సరస్సులో కలిసే వైపు అది కొట్టుకుపోతోంది. మంచుగడ్డ పలచగా ఉండేది అక్కడే.

అదనపు చేతితొడుగులు బ్యాగు అడుగున, చొక్కా కింద ఉన్నాయి. వాటి కోసం బ్యాగు దించి తాళ్లు విప్పుతుంటే వేళ్లు మాట వినలేదు. చూస్తే మూడు వేళ్ల కొసలు మైనంలా తెల్లగా ఉన్నాయి. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే చెడ్డ గుర్తు. వెనక నుంచి తమ్ముడు వచ్చాడు.

"అక్కా, ఫోను లోపల పెట్టు. చేతులు చూపించు."

చూసి, మరి మాట్లాడలేదు. తన కోటు జిప్పు తీసి, నా రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుని గట్టిగా నొక్కాడు. మరదలు గాలిసంచి విప్పి మా అందరి మీదా కప్పింది. "వదినా, ఊపిరి లోపలికే వదలండి, సంచి వెచ్చబడుతుంది" అంది. అలా పదిహేను నిమిషాలు కూర్చున్నాం. తర్వాత వేళ్లలో సూదులు గుచ్చినట్టు మొదలై, కంట నీళ్లు తిరిగేంత నొప్పి వచ్చింది. "నొప్పి వచ్చిందా? అయితే పర్వాలేదు" అన్నాడు తమ్ముడు. చర్మం మీదే ఆగింది, వేళ్లు దక్కాయి. ఈనాటికీ ఆ మూడు వేళ్లకు చలి ముందుగా తెలుస్తుంది.

ఆ రోజు చలి సున్నా కింద పది డిగ్రీలే. కానీ గంటకు 36 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి అది సున్నా కింద ఇరవై. కాబట్టి సరస్సు మీదికి దిగడానికి ముందే, చెట్ల చాటున ఆగి సిద్ధం కండి. గాలికోటు, టోపీ, నల్ల కళ్లజోడు. చేతితొడుగులకు తాడు కుట్టి మణికట్టుకు తగిలించుకోండి, చిన్నపిల్లలకు కుట్టినట్టు. ఒకసారి వెనక్కి తిరిగి గాలికి ముఖం పెట్టి నిలబడితే దాని అసలు బలం తెలుస్తుంది. నడుము పట్టీ వదులు చేసి, స్కీ కర్రల పట్టీల్లోంచి చేతులు తీసేయండి. మంచు విరిగి నీళ్లలో పడితే బ్యాగు వెంటనే వదిలించుకోగలగాలి. మెడలో మంచు గుచ్చే మేకుల జత వేలాడుతూ ఉండాలి. వాగు వచ్చి కలిసే చోటుకు, బయటకు పోయే చోటుకు వెళ్లవద్దు. ఎర్ర గుర్తులు ఎందుకు వంకర తిరుగుతున్నాయో మీకు అర్థం కాకపోయినా, వాటితోపాటే వంకర తిరగండి.

వేళ్లు, ముక్కు, చెవి తెల్లబడితే మంచుతో రుద్దకండి, చర్మం చిట్లుతుంది. ఒంటి వేడితోనే వెచ్చచేయాలి. పదిహేను ఇరవై నిమిషాలకూ స్పర్శ రాకపోతే అది లోతుగా దిగిందని లెక్క. అప్పుడు దారిలో కరిగించే ప్రయత్నం ఆపి, మళ్లీ చలి తగలకుండా కప్పి, సాయం కోసం చూడాలి. ఒకసారి కరిగినది మళ్లీ గడ్డకడితే నష్టం రెట్టింపు. స్వీడన్‌లో ఏ ఆపదకైనా 112. కొండల్లో రక్షణ బాధ్యత అక్కడి పోలీసులది. లోయలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కనుక, బయలుదేరేటప్పుడే కొండబసలో మీ పేర్లు, చేరే సమయం చెప్పి వెళ్లండి.

అడవిలో

సరస్సు దాటితే గాలి పడిపోతుంది. బర్చి చెట్లు, ఎండ, స్నోమొబైళ్ల మోత. ఇక వచ్చేశాం అనిపిస్తుంది. 2022లో మావారు పడింది ఇక్కడే, నిక్కలుఓక్తకు నాలుగు కిలోమీటర్ల దూరంలో. వంపు తిరిగే చిన్న దిగుడు, మనిషి ఎత్తు కూడా ఉండదు. కుడి కర్ర ఒక కొమ్మల పొదలో ఇరుక్కుంది. మణికట్టు చుట్టూ పట్టీ ఉంది. మనిషి ముందుకు పోయాడు, కర్ర అక్కడే ఉండిపోయింది. బొటనవేలు వెనక్కి మడతపడి సాయంత్రానికి వంకాయలా వాచింది. నెల రోజులు విజయవాడలో ఆయన బైకు నడపలేకపోయారు.

అందుకని చెట్ల మధ్య దిగుడు కనబడగానే కర్రల పట్టీల్లోంచి చేతులు తీయండి. కర్రను పిడికిట్లో వదులుగా పట్టుకోండి, ఇరుక్కుంటే వదిలేయండి, వెనక్కి వచ్చి తీసుకోవచ్చు. వేగం ఆపడానికి నాగలి పద్ధతి వాడండి. రెండు స్కీల ముక్కులు దగ్గరకు, తోకలు దూరంగా, మోకాళ్లు వంచి, లోపలి అంచుల మీద బరువు. ఆరు రోజుల తర్వాత తొడలకు ఇది చాలా కష్టం. అలసిన తొడలతో నాగలి పట్టలేమనిపిస్తే స్కీలు విప్పి, పక్కకు నిలబడి, నడిచి దిగండి. వంద అడుగులు నడిస్తే పోయే సమయం ఐదు నిమిషాలు.

ఆ తొడల బలం ఇంటి దగ్గరే తెచ్చుకోవాలి. మన బడిలో గోడకుర్చీ వేయించేవారు గుర్తుందా? గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం. నాగలికి అంతకు మించిన సాధన నాకు దొరకలేదు. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఒక నిమిషం నుంచి మొదలుపెట్టి మూడు నిమిషాలదాకా పెంచండి. దానితోపాటు వారానికి రెండుసార్లు బ్యాగు వేసుకుని గుణదల కొండ మెట్లు. ఎక్కడం కాదు ముఖ్యం, మోకాలు వంచి నెమ్మదిగా దిగడం. ఎండ ముదరకముందే, ఆరుకల్లా ముగించండి.

చేరాక

నిక్కలుఓక్తలో గుమ్మం దగ్గరకు రాగానే బస్సు గురించి అడగకండి, ముందు బట్టలు మార్చుకోండి. తడి లోపలి చొక్కా, మేజోళ్లు తీసి పొడివి వేసుకోవాలి. నిలబడిపోయిన ఒళ్లు పావుగంటలో చల్లబడుతుంది. ఆ తర్వాత కూర్చోవచ్చు. 2024లో మేము బస్సుకు గంటన్నర ముందు చేరాం. వేడి వాఫిల్ మీద నారింజ రంగు క్లౌడ్‌బెర్రీ జాము వేసుకుని తిన్నాం. మావారు తనది తిని, మరదలు మిగిల్చిందీ తిన్నారు. కొండబసలో చెప్పిన సమయానికి చేరామని కబురు పంపడం మరవకండి. ఇంటికి ఫోను చేయడం దాని తర్వాతే.

బస్సులో స్కీలు కింది అరలో పెట్టడానికి ముందు, జతగా కట్టి, కొసలకు గుడ్డ చుట్టండి. అద్దె స్కీలైతే, అంచు విరిగినా, బూటును బిగించే బైండింగు వదులైనా తిరిగి ఇచ్చేటప్పుడు మీరే చెప్పండి. తర్వాత తీసుకునేవాళ్లు వాటితోనే కనుమ దాటాలి.

విజయవాడ తిరిగి వచ్చాక

గన్నవరంలో దిగేసరికి ఎండ నలభై దాటి ఉంటుంది. అలసటలో బ్యాగు అలాగే అటక మీద పడేయాలనిపిస్తుంది. 2018 మే నెలలో నేను అదే చేశాను. తడి మంచుకు రాసే క్లిస్టర్ అనే జిగురు ట్యూబు ఒకటి పక్క జేబులో ఉండిపోయింది. అటక వేడికి అది కరిగి, మూత పక్క నుంచి కారి, పక్కనే చుట్టి పెట్టిన పడుకునే సంచికి అంటుకుంది. జూన్‌లో తీసి చూస్తే సంచి పొరలు ఒకదానికొకటి తేనెపట్టులా అతుక్కుపోయి ఉన్నాయి. విడదీస్తే బట్ట చిరిగింది. క్లిస్టర్ ట్యూబును రెండు ప్లాస్టిక్ సంచుల్లో వేసి, మూత పైకి ఉండేలా సీసాలో నిలబెట్టి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో నేల మీద ఉంచండి. చేతులకు అంటితే వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బు వాడండి. గట్టి వ్యాక్స్ డబ్బాలూ అటక మీద వద్దు.

పడుకునే సంచిని నొక్కి కట్టి ఉంచకండి, పాత దుప్పటి గలీబులో వదులుగా వేసి బీరువాలో పెట్టండి. తోలు బూట్లు ఫ్యాను కింద మూడు రోజులు ఆరనిచ్చి, లోపల వార్తాపత్రిక కాగితాలు కుక్కండి. వానలు మొదలయ్యాక పదిహేను రోజులకొకసారి ఆ కాగితాలు మార్చాలి, లేకపోతే ఆగస్టుకు బూజు పడుతుంది.

జ్ఞాపకాలు తాజాగా ఉండగానే ఆఖరి రోజు వివరాలు రాసి పెట్టుకోండి. ఎన్ని గంటలకు బయలుదేరారు, సరస్సు ఎప్పుడు దాటారు, ఎంత చలికి ఏ వ్యాక్స్ పట్టింది, ఫ్లాస్కులో నీళ్లు ఎప్పుడు అయిపోయాయి. నా పుస్తకంలో ఆ రోజుకు మూడు యాత్రలవీ కలిపి పదకొండు పేజీలు ఉన్నాయి. ఆ పుస్తకం ఇప్పుడు గుంటూరులో ఉంది. చివర నాలుగు పేజీలు ఖాళీగా ఉంచి, మే మొదటి వారంలో నింపి తెచ్చి ఇవ్వాలని ముగ్గురి దగ్గరా మాట తీసుకున్నాను.